ఏడో ప్రశ్నకు మా బాపు చెప్పిన జవాబు

మూడో బిందె సగం నిండేసరికి నల్లా నీళ్లు సన్నబడ్డాయి. బిందెను కొంచెం వంచి, ధార లోపలి గోడకు తగిలేలా పెట్టాను. మా తండాలో నీళ్లు పొద్దున ముప్పావు గంట, సాయంత్రం అరగంట వస్తాయి. ఆ లోపల ఐదు బిందెలు, ఒక డ్రమ్ము నిండాలి.

బాపు వేపపుల్ల నములుతూ వచ్చి, నిండిన రెండు బిందెలనూ గోడ వారకు జరిపాడు. మా యాడికి, అంటే అమ్మకు, కళ్లలో పొర వచ్చింది. బిందెలు దారిలో ఉంటే తట్టుకుంటుంది. వాటిని రోజూ జరిపేది బాపే.

"ఇయ్యాల్నే గద బేటీ, బుక్కు తెచ్చేది?"

"ఆఁ, ఇయ్యాల్నే."

"గట్టి అట్టనా, మెత్తదా?"

"మెత్తదే కావచ్చు."

"అయితె పెట్టెల పెట్టాలె. బయట పెడితె ఎలుకలు కొరుకుతయ్." పుల్లను నోట్లో ఇటునుంచి అటు మార్చుకున్నాడు. "నేను చెప్పింది ఎన్నో పేజీల ఉన్నదో సూసినవా?"

"ఇంకా చూడలే బాపూ."

ఇంట్లో మేం మాట్లాడేది మా లంబాడీ భాష. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఏ భాషలో రాసినా, ఇంకా చూడలేదన్నది అబద్ధమే. ఆ పుస్తకం తొమ్మిది రోజుల కిందటే నా ఫోనుకు వచ్చింది. బాపు చెప్పింది అందులో ఏ పేజీలోనూ లేదు. నలభై ఆరో పేజీలో ఆయన ఫోటో ఉంది. అది ఎందుకు ఉందో కూడా నాకు తెలుసు.

*

కిందటి ఏడాది హైదరాబాదులోని ఒక అధ్యయన సంస్థ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో సర్వే పెట్టింది. చంద్రుడి మీద మనుషులు ఎప్పటికీ ఉండేలా స్థావరం కట్టాలని పెద్ద దేశాలు పోటీ పడుతున్నాయి. ఆ దేశాలు రెండు జట్లయ్యాయి. మన దేశం ఏ నియమాలకు సరే అనాలి, వేటికి అనకూడదు అని ఢిల్లీలో ఒక కమిటీ ఆలోచిస్తోందనీ, ఊళ్లలో వాళ్ల మాట కూడా దాని ముందు పెడతామనీ సంస్థవాళ్లు చెప్పారు. నేను తండా బడిలో ఐదు వరకు, నెల్లికుదురులో పది వరకు చదివి, మానుకోటలో, అంటే మహబూబాబాదులో, డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఉన్నాను. నాకు ఒక ట్యాబు, ఒక సంచి, మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు.

జనగామలో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. అక్కడ మాకు చెప్పింది నాకు తెలిసినంతలో ఇది. చంద్రుడి మీద ఏ ముక్కనూ ఏ దేశమూ నాది అనకూడదని 1967లోనే ఒప్పందం ఉంది. కానీ అక్కడ ఇల్లు కట్టుకున్నాక, పక్కన ఇంకొకరు వచ్చి దిగితే లేచే దుమ్ముకే యంత్రాలు పాడైపోతాయి. అందుకని చుట్టూ కొంత దూరం 'భద్రతా వలయం' పెట్టుకుంటామంటున్నారు. చిక్కు ఎక్కడంటే, దక్షిణ ధ్రువం దగ్గర ఎండ ఎక్కువ కాలం నిలిచే గట్లు కొన్నే ఉన్నాయి. ఎండ ఎప్పుడూ పడని గోతులు వాటి పక్కనే ఉన్నాయి. ఆ గోతుల్లో మంచు ఉందంటున్నారు. మంచంటే నీళ్లు. ముందు వెళ్లినవాళ్లు అక్కడే కట్టుకుంటారు. మా ఫారంలో ఏడో ప్రశ్న దీని గురించే: అలాంటి వలయం పెట్టుకోనివ్వాలా? 1 అంటే పెట్టుకోవచ్చు, 2 అంటే వద్దు, 3 అంటే షరతులతో. 4 అంటే 'ఇతర', ఆ మనిషి చెప్పింది చెప్పినట్టు టైపు చేయాలి. ఏమీ తెలియదంటే 99.

మా సూపర్‌వైజర్ మధుకర్ సార్. జనగామ దగ్గరి ఊరు, భూములున్న కుటుంబం, వాళ్లన్న మండల రాజకీయాల్లో ఉన్నాడు. సార్ చెడ్డవాడు కాదు. నేను టిఫిన్ తెచ్చుకోని రోజు తన డబ్బాలో సగం పెట్టేవాడు. నవ్వించేవాడు. ఆయన నవ్వినప్పుడు మనమూ నవ్వాలనిపించేది.

ఆ పని నాకు నచ్చింది. జనగామ పత్తి మార్కెట్లో భద్రయ్య అనే హమాలీ ఏడో ప్రశ్నకు బస్తా దించకుండానే జవాబు చెప్పాడు: "టోకెను ముందుగాల తీసుకున్నోని బండే ముందు అమ్ముతరు. గని వాడు గేటుకు అడ్డం పెట్టి చాయ్‌కి పోతె ఊకుంటమా?" కాటారం బస్టాండులో గట్టయ్య అనే ముసలాయన భూపాలపల్లి బస్సు కోసం చూస్తూ అన్నాడు: "తువ్వాల ఏసినోనిదే సీటు అంటరు బిడ్డా. ఏసి పది నిమిషాలైనా ఎక్కకపోతె? తువ్వాల సీటు ఆపుతది గని కూసోదు గద." ఈ రెండూ నేను 'ఇతర' కింద అక్షరం పోకుండా టైపు చేశాను. వేళ్లు నొప్పి పుట్టినా చేశాను. వాళ్లెవరూ నా వాళ్లు కారు కాబట్టి వాళ్ల మాట నాకు తెలివిగా వినిపించింది.

*

తరువాత మా తండా వంతు వచ్చింది. ఏ ఇళ్లకు వెళ్లాలో ట్యాబే చూపిస్తుంది. నాలుగో ఇల్లు 2-17. అది మాదే. తండా నాదని సార్‌కు తెలుసు, ఇల్లు ఏదో తెలియదు.

సొంతవాళ్లను అడగకూడదని నియమం. సార్‌తో చెబితే ఇల్లు మార్చేవాడు. నేను చెప్పలేదు. మాకు రెండు గదులు, ముందర రేకుల పందిరి. ఆ పందిరి కింద మేకలు. ఈ ఇల్లు నాదని సార్‌తో అనాల్సి వచ్చేసరికి నోరు రాలేదు. నీళ్లు తాగొస్తానని చెప్పి, వెనక దారిన ముందే వెళ్లి బాపుతో అన్నాను: "సారు ముందట నన్ను బేటీ అని పిలవకు. సొంతోళ్లను అడగొద్దంట. నా నౌకరి పోతది."

బాపు ఒక క్షణం నా మెడలోని కార్డు చూశాడు. "మరి ఏమని పిలవాలె?"

"మేడం అను."

"మేడం!" అని పడీపడీ నవ్వి, యాడిని కేక వేశాడు. "ఓ రుక్కీ, ఇటు రా. మన ఇంటికి మేడం అచ్చింది. కుర్చీ తుడువు."

సార్ వచ్చాక మాత్రం ఆయన ఒక్కసారి కూడా తప్పలేదు. యాడి స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చి, చుట్టాలకు ఇచ్చినట్టు రెండు చేతులతో నాకిచ్చింది. నా ఇంట్లో నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. బాపు కింద కూర్చున్నాడు.

అంతకు ముందు మా పక్కింటి దేవ్యా వంతు అయిపోయింది. "నన్నెందుకు అడుగుతరయ్యా? నేను మానుకోట దాటిందే రెండుసార్లు" అని ప్రతి ప్రశ్నకూ చెయ్యి తిప్పేశాడు. ఆయన చెయ్యి తిప్పినప్పుడల్లా సార్ పాట పాడినట్టు "తొంభైతొమ్మిదీ" అనేవాడు. అదేంటని పిల్లలు అడిగితే, ఏమీ తెలియనివాడి నంబరని చెప్పాడు. అప్పటినుంచి తండాలో దేవ్యా పేరు తొంభైతొమ్మిది దేవ్యా. అక్షరం రానివాళ్లకు కూడా ఆ అంకె తెలుసు.

బాపు మొదటి ఆరు ప్రశ్నలకూ బాగానే చెప్పాడు. మన వాళ్లు చంద్రుడి మీద దిగిన సంగతి తెలుసన్నాడు, హోటల్లో టీవీలో చూశానన్నాడు. తరువాత ఏడోది చదివాను.

"గా వలయం అంటె ఏంది మేడం? దడి లెక్కనా, కందకం లెక్కనా?"

శిక్షణలో నేర్పింది అప్పజెప్పాను. "అట్లాంటిది ఏం ఉండదు. ఇంత దూరం లోపలికి రావద్దు, వచ్చేదుంటే ముందు చెప్పాలి అని ఒక నియమం. స్థలం మాత్రం ఎవరిదీ కాదు. భద్రత కోసం."

"ఎవరిది కాదు. గని రావద్దు."

"ఆఁ."

"గిట్లాంటిది నేను సూసిన మేడం." బాపు సర్దుకుని కూర్చున్నాడు. "కాటారం అవుతల అడివి పక్కపొంటి మా తాత కొట్టిన శెలక ఉండె. జొన్నలు ఏస్తుంటిమి. ఒకనాడు జేసీబీ అచ్చింది. దానెంబడి ఒక సారు. మంచోడే, మాతోని కూసోని చాయ్ తాగిండు. 'సేవ్యా, ఈ భూమి నీది కాదని నేనంటలే, మాదని గూడ అంటలే, ఊకె రక్షణకు కందకం తవ్వుతున్నం' అన్నడు. తవ్విండు, మనిషి లోతు. అవుతల నా జొన్న, ఇవుతల నేను. కాయితంల గా భూమి ఇప్పటికీ ఎవరిది కాదు. గని వాగు గూడ అవుతల్నే ఉండె. నీళ్లు లేకుంట ఎన్నొద్దులుంటం? లేసి, మా ఆమె తండాకు ఇటు అచ్చినం."

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. జొన్న చేను గుర్తుంది. కందకం అంచున నిలబడి కంకులు ఎండిపోవడం చూసిన బాపు కూడా గుర్తున్నాడు.

మధుకర్ సార్ పకపకా నవ్వాడు. "ఓ పెద్దమనిషీ, మేం చంద్రుని ముచ్చట అడుగుతుంటె నువ్వు జొన్న చేన్ల తిరుగుతున్నవేంది?"

పందిరి బయట నిలబడ్డవాళ్లు నవ్వారు. నేను కూడా నవ్వాను. ఈ కథలో నేను దాచిపెట్టాలనుకున్నది అదొక్కటే. బలవంతంగా నవ్వలేదు. నిజంగానే నవ్వాను, సార్ వైపు చూస్తూ, ఈ ముసలాయన ఎవరో నాకూ తెలియనట్టు.

బాపు కోపం తెచ్చుకోలేదు. "చంద్రుని ముచ్చటే చెప్తున్న సారు. ఎవడో ముందుగాల పోతడు. నాది అని అనడు, అంటె తప్పాయె. రక్షణ అంటడు. నీళ్లు వాని వలయంల పడ్తయ్. ఎనక పోయినోడు గట్టు మీద నిలవడి సూడాలె. మా తండాల్ల ఒక కట్టుబాటున్నది. చేను ఎవలదన్నా కానీ, నీళ్లకాడికి పోయే బాట దున్నొద్దు. దున్నితె నాయక్ పంచాయితి పెట్టి వాని నాగలి తెచ్చి తన ఇంటిముందట కట్టేస్తడు. తప్పు ఒప్పుకునేదాక ఇయ్యడు. గది రాసుకో మేడం. ఎవలన్నా కట్టుకోండ్రి, నీళ్ల బాట దున్నొద్దు."

"కల్యాణీ, ఇదేం కోడ్‌ల ఏస్తవ్?" సార్ గడియారం చూసుకున్నాడు. "ఇతర పెడితె ఈ రామాయణమంతా కొట్టాలె. ఇంకా పదకొండు ఇండ్లున్నయ్."

బాపు నా వేళ్ల వైపే చూస్తున్నాడు. తెర ఆయనకు కనబడదు. నేను 99 నొక్కాను. తరువాతి ఐదు ప్రశ్నలు అడగనే లేదు, వరుసగా 99 నొక్కుకుంటూ పోయాను. బాపు అది తన మాట టైపు చేయడం అనుకుని, నాకు వీలుగా ఉండాలని నెమ్మదిగా, మళ్లీ మొదటినుంచి చెప్పసాగాడు.

సార్ లేచేటప్పుడు బాపును తన ఫోనులో ఫోటో తీసుకున్నాడు.

ఆ రోజు సాయంత్రం ఆరు వరకు ఫారాలు సరిదిద్దుకునే వీలుంది. మిగతా ఇళ్లయ్యాక లెక్క అప్పజెప్పడానికి మహబూబాబాదు వెళ్లే బస్సులో కూర్చుని 2-17ను రెండుసార్లు తెరిచాను. టైపు చేస్తే పది నిమిషాల పని. కానీ పక్క సీట్లో సార్ ఉన్నాడు. ఎవరిది అంత పొడుగ్గా కొడుతున్నావని అడుగుతాడేమో అని రెండుసార్లూ మూసేశాను.

ఇంటికి రాగానే బాపు అడిగాడు. "మొత్తం రాసినవా?"

"రాసిన."

"నాగలి కట్టేసేది గూడ?"

"అది కూడా."

ఆ తరువాత ఎనిమిది నెలలు ఆయన ఆ మాట చెప్పని చోటు లేదు. నెల్లికుదురు ఎరువుల దుకాణంలో, ఆటోలో, పెళ్లి పందిట్లో. "ఢిల్లీ కమిటీకి నా మాట పోయింది. బుక్కుల అచ్చయితది." దేవ్యా వెక్కిరించేవాడు: "పోతె పోయింది లే, చంద్రుని మీద నీకు పట్టా పాసుబుక్కు ఇస్తరా ఏంది?" బాపు తేలిగ్గా నవ్వేవాడు. కాటారం నుంచి వచ్చాక ఏ పంచాయితీలోనూ ఆయన నోరు తెరవడం నేను చూడలేదు. ఈ ఎనిమిది నెలలే తెరిచాడు.

*

పుస్తకం ఫోనుకు వచ్చిన రోజు ముందు పన్నెండో పేజీ చూశాను. గట్టయ్య తువ్వాల మాట పెద్ద అక్షరాల్లో ఉంది. నలభై ఆరో పేజీలో మా పందిరి కింద బాపు, వెనక మేక. కింద ఇలా ఉంది: 'అవగాహన లోపానికి ఒక ఉదాహరణ. నెల్లికుదురు మండలం, తండా రైతు.' దాని కింద ఆయన జవాబుల వరుసను గళ్లు గీసి అచ్చు వేశారు. పన్నెండు గళ్లు. చివరి ఆరింట్లో 99.

దాని ముందు పేజీలో గ్రాఫు. మహబూబాబాద్ జిల్లాలో నూటికి డెబ్బై ఒక్కరికి భద్రతా వలయాలపై అభ్యంతరం లేదని రాసి ఉంది. అంతమంది సరే అనడం నేను వినలేదు. మధుకర్ సార్‌కు ఫోన్ చేశాను.

"తెలియదన్నోళ్లను గూడ అండ్లనే కలిపిన్రు" అన్నాడు. "వద్దు అనలే గద వాళ్లు. కమిటీకి రెండు గీతలే కావాలె కల్యాణీ, మూడో గీత పెడితె ఆగమైతది."

అంటే బాపు సరే అన్నట్టు. కందకానికి, వలయానికి, అన్నిటికీ.

అప్పుడైనా చెప్పొచ్చు. సార్, 2-17 మా ఇల్లు, ఆయన మా బాపు, ఆయన వద్దనే చెప్పాడు, నేనే రాయలేదు అని. ఫోను చెవి దగ్గరే ఉంది. నేను అడిగింది మాత్రం ఇది: "అచ్చు పుస్తకాలు తండాకు తెస్తారా సార్?"

"తెస్తరు. రిపోర్టు రాసిన విమల మేడమే స్వయంగా వస్తది. అవగాహన సదస్సు. మీ తాన్నే పెట్టిన్రు, తొంభైతొమ్మిదులు ఎక్కువ అచ్చింది ఆడనే గద. నువ్వు ముందుండి చూసుకో. రెండో విడతకు కోఆర్డినేటర్‌గా నీ పేరే చెప్పిన."

*

మూడు గంటలకు బడి వరండాలో చాపలు పరిచాం. విమల మేడం ఎండలో కారు దిగి, అందరికీ నమస్కారం పెట్టింది. యాభై ఏళ్లుంటాయి, నెమ్మదైన మనిషి. పుస్తకాల కట్ట మధుకర్ సార్ మోసుకొచ్చాడు. బాపు తెల్ల చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. కళ్లు సరిగా కనబడకపోయినా యాడి కూడా వచ్చింది.

మేడం అర్థమయ్యేలా మాట్లాడింది. చంద్రుడి మీద ఇల్లు కట్టడం కంటే ఆ ఇంటికి హద్దులు రాయడం కష్టమంది. "ఇప్పుడు మనం ఊరుకుంటే, ముందు వెళ్లినవాళ్లు రాసుకున్నదే చట్టమవుతుంది. మీకు తెలియకపోవడం మీ తప్పు కాదు. మీకు చెప్పకపోవడం మాది" అంది.

దేవ్యా లేచాడు. "మేడం, పోయినసారి నాకు తొంబైతొమ్మిది అచ్చినయ్. ఇంకొక్క మార్కు ఎట్ల పోయిందో జర చెప్పండ్రి."

వరండా అంతా నవ్వులు. మేడం కూడా నవ్వింది. తరువాత పన్నెండో పేజీ తీసి గట్టయ్య తువ్వాల మాట చదివింది. అందరూ బాగుందన్నారు. బాపు కూడా తల ఊపాడు. తన వంతు వస్తుందని తెలిసినవాడు ఎదుటివాడి మాట మెచ్చుకున్నట్టు మెచ్చుకున్నాడు.

"మీలో ఎవరైనా ఏమైనా చెబుతారా?" అంది మేడం.

బాపు లేచి నిలబడ్డాడు. "నేను అప్పుడే చెప్పిన మేడం. గీ బుక్కుల్నే ఉన్నది." తువ్వాల భుజం మీద సర్దుకుని నా వైపు చెయ్యి చూపాడు. "మా... గీ మేడం రాసుకున్నది. ఆమెనే సదువుతది."

మా అని ఆగి, మింగేశాడు. ఎనిమిది నెలల తరువాత కూడా నా నౌకరి కాపాడుతున్నాడు.

మధుకర్ సార్ నా వైపు చూశాడు. విమల మేడం చూసింది. తండా అంతా చూసింది. చేతిలో పుస్తకం ఉంది. నలభై ఆరో పేజీ తెరిచి, ఇందులో లేదు బాపూ, నేనే రాయలేదు అనాలి. ఆ పేజీ ఎక్కడుందో నా బొటనవేలికి తెలుసు. నేను ముప్పై ఒకటో పేజీ తెరిచాను. అక్కడ నిపుణుల సూచనలు ఉన్నాయి. విమల మేడం తన పేరుతో రాసినది.

చదివాను. "స్థావరం ఎవరిదైనా, మంచు ఉన్న గోతుల వరకు అందరికీ తెరిచి ఉండే మార్గం ఒకటి ఉండాలి. భద్రతా వలయం పేరుతో ఆ మార్గాన్ని మూసివేయరాదు."

"గదే!" అన్నాడు బాపు. వెనక్కు తిరిగి అందరి మొహాలూ చూశాడు. "ఇన్నరా? మార్గం మూయొద్దు. నీళ్ల బాట. గదే నేను చెప్పింది. పుస్తకపు భాషల మంచిగ రాసిన్రు."

చప్పట్లు కొట్టారు. దేవ్యా అందరికంటే గట్టిగా కొట్టాడు. యాడి చప్పట్లు ఎటునుంచి వస్తున్నాయో వెతుకుతూ తనూ కొట్టింది. బాపు కూర్చుంటూ, నాగలి సంగతి లేదేమని అడగబోయి, పెద్ద పుస్తకంలో అన్నీ పట్టవని తనకు తనే సర్దిచెప్పుకున్నట్టు చెయ్యి ఊపాడు.

కారు దగ్గర విమల మేడం నన్ను పక్కకు పిలిచింది. "నువ్వు చదివింది నేను రాసిన పేరా కదమ్మా?"

"అవును మేడం."

"ఆయన నిజంగా ఆ మాట అన్నారా? సర్వేలో?"

"అన్నారు."

"మరి డేటాలో లేదే. నేను ఆ పేరా కోసం ఎన్ని దేశాల పత్రాలు తిరగేశానో. ఒక రైతు అన్నాడని రాయగలిగితే కమిటీలో దానికి ఎంత బలం ఉండేది!" ఆమె గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "ఎక్కడ పోయింది?"

"ట్యాబులో ఎక్కడో పోయింది మేడం. నెట్ సరిగా లేదు ఆ రోజు."

ఆమె కారెక్కింది. కారు వెళ్లాక, అది లేపిన దుమ్ములో సగం నా నోట్లోనే ఉన్నట్టనిపించింది.

*

సాయంత్రం నల్లా వచ్చింది. నేను వాకిట్లో బిందెలు పెట్టాను. బాపు పందిరి కింద మంచం మీద కూర్చుని పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు. యాడి పక్కన కూర్చుని అట్టను చేత్తో తడిమి చూసింది.

"ఎంత నున్నగున్నదో" అంది. "నీ మాట ఏడున్నది, ఏలు పెట్టి సూపియ్యి."

"ఆగు. నా ఫోటో గూడ ఉన్నదని మధుకర్ సారు చెప్పిండు. ముందుగాల గది సూడాలె."

నేను నల్లా కట్టేయకుండానే లేచాను. "బాపూ, నేను చూపిస్తా, ఇటివ్వు."

"నాకు కండ్లున్నయి గద బేటీ." నవ్వుతూ పేజీలు తిప్పాడు. వేలు తడి చేసుకుని ఒక్కో పేజీ తిప్పుతున్నాడు. బొమ్మలున్న చోట ఆగుతున్నాడు. చంద్రుడు, రాకెట్టు, విమల మేడం, గ్రాఫు. ఆ తరువాత మా పందిరి, మేక, తను.

"ఇగో ఉన్న. మేక గూడ పడ్డది రుక్కీ."

యాడి నవ్వింది. బాపు పుస్తకాన్ని వెలుగుకు తిప్పి దగ్గరగా పెట్టుకున్నాడు. ఆయనకు అక్షరాలు రావు. అంకెలు వస్తాయి. బస్సు నంబర్లు చదువుతాడు, కాంటా చదువుతాడు, ఫోనులో నా నంబరు అంకెలు చూసే నొక్కుతాడు. ఫోటో కింది గళ్ల మీద ఆయన వేలు ఒక్కొక్కటిగా కదిలింది. ఒకటి. ఒకటి. రెండు. ఒకటి. మూడు. ఒకటి. ఏడో గడి దగ్గర ఆగింది. ఎనిమిదో దాని మీదికి వెళ్లింది. తొమ్మిది, పది. చివరి గడి మీద వేలు అలాగే ఉండిపోయింది.

"ఏమాయె?" అంది యాడి.

"బేటీ" అన్నాడు బాపు, పుస్తకం లోంచి తల ఎత్తకుండా. "నువ్వు ఇయ్యాల సదివింది ఏ పేజీ?"

నా నోట్లోంచి నంబరు ఒక్కటే వచ్చింది. "ముప్పై ఒకటి."

వెనక్కు తిప్పాడు. పేజీ కింద మూలన ఉన్న అంకెలు చూసుకుంటూ ముప్పై ఒకటి దగ్గర ఆగాడు. ఆ పేజీ పైన విమల మేడం ఫోటో ఉంది. చాలాసేపు ఆమెను చూశాడు. మళ్లీ తన ఫోటో దగ్గరికి వెళ్లి, దాన్నీ అంతే సేపు చూశాడు.

చెప్పడానికి నా దగ్గర మాటలు లేకపోలేదు. సార్ తొందర పెట్టాడు. ఇంకా పదకొండు ఇళ్లున్నాయి. నియమం ఉంది. అన్నీ నిజాలే. వాటిలో ఏది చెప్పినా నేను నవ్విన నవ్వు ఆయనకు మళ్లీ వినబడుతుంది. వెనక బిందె నిండి నీళ్లు పొర్లి పోతున్నాయి.

బాపు పుస్తకం మూశాడు. వంగిన మూలను బొటనవేలితో సరిచేశాడు. లేచి లోపలికి వెళ్లాడు. పెట్టె తెరిచిన చప్పుడు వస్తుందని చూశాను. రాలేదు. గుమ్మం పక్కన మేకుకు నా సంచి వేలాడుతోంది. దాని జిప్పు తీసి, ట్యాబు పక్కన పుస్తకం పెట్టి, మళ్లీ జిప్పు వేశాడు. నా మెడ కార్డు బయటకు వేలాడుతుంటే దాన్ని కూడా లోపలికి సర్దాడు.

"సీకటి పడుతున్నది, రొట్టెలు చేస్త, తిని పోదువు" అంది యాడి, ఆయన అడుగుల చప్పుడు వైపు తిరిగి.

ఆయన తువ్వాల తీసుకుని చెప్పులు వేసుకున్నాడు. దారిలో మూడు బిందెలు అడ్డంగా ఉన్నాయి. వాటిని జరపలేదు. ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ, నా పక్కనుంచే, వాకిలి దాటి వెళ్లిపోయాడు.